జి47.10 వేస్తే తప్పేంటి?

ప్రతి నెలా మొదటి వారంలో మా మెడికల్ కోడింగ్ టీమ్‌కి ఒక ఎక్సెల్ షీట్ వస్తుంది. గత నెలలో ఎవరు ఎన్ని ‘అన్‌స్పెసిఫైడ్’ కోడ్లు వేశారో అందులో ఉంటుంది. ఎక్కువ వేసినవాళ్ళ గడి ఎర్రగా, తక్కువ వేసినవాళ్ళది పచ్చగా. పచ్చగడి వాళ్ళని మీటింగులో మెచ్చుకుంటారు. ఎర్రగడి వాళ్ళు ఆ పూట టీ కాస్త దూరంగా నిలబడి తాగుతారు. మొన్న స్లీప్ మెడిసిన్ చార్టులు చూసే మా ఆరుగురి గడులూ ఎర్రగానే వచ్చాయి. కారణం ఒకే ఒక్క కోడ్. జి47.10, హైపర్‌సోమ్నియా, అన్‌స్పెసిఫైడ్. మన మాటల్లో చెప్పాలంటే, నిద్ర ఎక్కువ, ఏ రకమో రాయలేదు.

మీటింగులో నేను లేచి వాదించబోతే రెండు నిమిషాలకే ‘ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం’ అన్నారు. ఆఫ్‌లైన్ అంటే ఇక ఎప్పటికీ మాట్లాడుకోమని మీకూ తెలుసు. అందుకే ఆ మిగిలిన వాదన ఇక్కడ రాస్తున్నాను.

మెడికల్ కోడింగ్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అమెరికాలో డాక్టరు పేషెంటుని చూసి నోట్ రాస్తాడు. ఆ నోట్ చదివి, జబ్బుకి ఐసీడీ-10-సీఎం కోడ్, చేసిన పనికి సీపీటీ కోడ్ వేస్తే ఇన్సూరెన్సుకి క్లెయిమ్ వెళ్తుంది. ఈ చదివే పని చాలావరకు హైదరాబాద్, చెన్నైలాంటి చోట్ల జరుగుతుంది. బీఫార్మసీ, ఫిజియోథెరపీ, మైక్రోబయాలజీ చదివి, మందుల కంపెనీలో రెప్ ఉద్యోగానికి మనసొప్పక అమీర్‌పేట మెట్లెక్కిన వేలమందిలో నేనూ ఒకదాన్ని. 2013లో చేరాను. అప్పుడు ఐసీడీ-9. 2015 అక్టోబరు 1న అమెరికా ఐసీడీ-10కి మారినప్పుడు, పద్నాలుగు వేల చిల్లర కోడ్లు ఉన్న చోట దాదాపు 70,000 వచ్చిపడ్డాయి. ఆ ఏడాది దసరాకి మా బ్యాచ్‌లో ఎవరూ ఊరికి వెళ్ళలేదు.

కోచింగులో మొదటిరోజు చెప్పే పాఠం ఒకటుంది. రాయకపోతే జరగనట్టే. డాక్టరు ఎంత గొప్పగా చూసినా, కాగితం మీద లేకపోతే కోడర్ దృష్టిలో అది జరగలేదు. రెండోరోజు ఇంకో పాఠం. ఎంత నిర్దిష్టంగా కోడ్ వేయగలిగితే అంత నిర్దిష్టంగా వేయాలి, అన్‌స్పెసిఫైడ్ ఆఖరి దారి. రెండూ మంచి పాఠాలే. చెయ్యి విరిగిన చార్టులో రెండూ హాయిగా కలిసి నడుస్తాయి. ఏ చెయ్యి, ఏ ఎముక, ఎక్కడ విరిగింది అన్నీ ఎక్స్‌రేలో కనిపిస్తాయి, డాక్టరూ రాస్తాడు. నిద్ర చార్టులో మాత్రం ఈ రెండు పాఠాలూ ఎదురుపడి కొట్టుకుంటాయి. ఆ కొట్లాటలో మొదటి పాఠమే గెలవాలన్నది నా వాదన. మా షీటేమో రెండో పాఠానికి మార్కులేస్తోంది.

ఎందుకు కొట్టుకుంటాయో చెప్పాలంటే అసలు ‘నిద్ర ఎక్కువ’ అనే మాట దగ్గరే మొదలుపెట్టాలి. తెలుగులో ఈ సంగతికి ఎన్ని మాటలో. కునుకు, కునికిపాటు, తూగు, జోగు, మగత, మత్తు, మొద్దునిద్ర. దేనికదే వేరు. జ్వరంలో ఉన్నవాడిది మగత, పాఠం వింటున్నవాడిది కునికిపాటు. ఇన్ని ఉండి కూడా డాక్టరు ముందు కుర్చీలో కూర్చోగానే మన నోట్లోంచి వచ్చేది ఒకటే: ‘నీరసంగా ఉంటోందండీ.’ అమెరికావాడూ తక్కువేం తినలేదు, వాడు ‘టైర్డ్’ అంటాడు. డాక్టరు అదే రాస్తాడు. మాకు ఆ మాటతో వచ్చేది ఆర్53.83, అంటే అలసట. ‘డ్రౌజీ’ అని రాస్తే ఆర్40.0, మగత. ‘హైపర్‌సోమ్నియా’ అని రాస్తే జి47.10. పేషెంటు ఒక్కడే, కష్టం ఒక్కటే, మూడు కోడ్లు. అలసిపోయినవాడికి ఒంట్లో శక్తి ఉండదు, పడుకున్నా ఒక్కోసారి నిద్ర పట్టదు. నిద్రమత్తు ఉన్నవాడు కూర్చున్నచోటే ఒరిగిపోతాడు. ఈ తేడా అడిగి తెలుసుకుని ఒక్క వాక్యం రాసే డాక్టరు నోట్ చూస్తే నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ తేడా పట్టుకోవడానికే ఎప్‌వర్త్ స్కేల్ అని ఒకటుంది. మెల్‌బోర్న్‌లోని ఎప్‌వర్త్ ఆసుపత్రిలో మర్రే జాన్స్ అనే డాక్టరు తయారుచేసి 1991లో ప్రచురించాడు. ఎనిమిది సందర్భాలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 24. పది దాటితే నిద్రమత్తు ఎక్కువే అని లెక్క. చదువుతూ, టీవీ చూస్తూ, భోజనం చేసి ఊరికే కూర్చుని, ఎవరితోనైనా మాట్లాడుతూ నిద్రపోయే అవకాశం ఎంత అని అడుగుతుంది. ఒక ప్రశ్న, గంటసేపు ఆగకుండా వెళ్ళే కారులో కూర్చుని ఉంటే అని. మావైపు ఆ ప్రశ్నకి అందరికీ మూడే. ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చే బస్సులో సూర్యాపేట దాటేసరికి సగం బస్సు నోరు తెరిచి నిద్రపోతూ ఉంటుంది, అందరికీ హైపర్‌సోమ్నియా ఏం కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోయేవాడి మూడుకి మాత్రం వేరే బరువుంది. ఆ బరువు మొత్తం అంకెలో కనిపించదు. చార్టులో ‘ఈఎస్ఎస్ 17’ అని ఒక్క ముక్క ఉంటుంది, అంతే. అంకె చూసి మేం జబ్బు పేరు పెట్టకూడదు.

ఒక చార్టు దగ్గరగా చూపిస్తాను. ఎవరిదీ గుర్తుపట్టేలా ఉండకూడదు కాబట్టి ఇలాంటివి చాలా కలిపి ఒకటిగా చెబుతున్నాను.

ముప్పై దాటిన మనిషి. రాత్రి పదికి పడుకుంటాడు, పొద్దున ఎనిమిదికి మూడు అలారాలు మోగితే గానీ లేవడు. లేచినా ఓ గంటసేపు ఈ లోకంలో ఉండడు, ఆ గంటలో భార్యతో ఏం మాట్లాడాడో గుర్తుండదు. మధ్యాహ్నం గంటన్నర పడుకున్నా తేలికపడదు. ఎప్‌వర్త్ 17. రాత్రంతా ల్యాబులో పడుకోబెట్టి పాలీసోమ్నోగ్రఫీ చేశారు, సీపీటీ 95810. శ్వాస ఆగడం, తగ్గడం గంటకి రెండుసార్లు. ఐదు లోపు కాబట్టి స్లీప్ ఆప్నియా కాదు. మర్నాడు పొద్దున్నుంచి రెండేసి గంటలకోసారి చొప్పున ఐదుసార్లు పడుకోబెట్టి, ఎంత త్వరగా నిద్రపోతాడో కొలిచారు. ఇది ఎంఎస్ఎల్‌టీ, 95805. సగటున 6.4 నిమిషాల్లో నిద్రపోయాడు. కలల నిద్ర, అంటే ఆర్ఈఎం, నిద్ర పట్టిన పదిహేను నిమిషాల్లోపే ఒక్కసారి వచ్చింది. చివర్లో డాక్టరు తేల్చింది: ‘హైపర్‌సోమ్నియా, లైక్లీ ఇడియోపతిక్. రూల్ అవుట్ నార్కోలెప్సీ టైప్ 2. కన్సిడర్ రిపీట్ ఎంఎస్ఎల్‌టీ.’ అంటే, నిద్ర ఎక్కువ, బహుశా ఇడియోపతిక్ అనే రకం. పగలు ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ అనే నరాల జబ్బు కాదని ఇంకా తేల్చుకోవాలి. పరీక్ష మళ్ళీ చేసే సంగతి ఆలోచించాలి.

ఇప్పుడు కోడ్ వేయండి.

కాస్త చదువుకున్న ఫ్రెషర్ వెంటనే అంటుంది, ‘అక్కా, సగటు ఎనిమిది నిమిషాల లోపే ఉంది, ఆర్ఈఎం రెండుసార్లు రాలేదు, అంటే ఇడియోపతిక్ హైపర్‌సోమ్నియా కదా, జి47.11.’ ఆ అమ్మాయి చెప్పిన కొలతలు నిజమే. ఎనిమిది నిమిషాలు, రెండు ఆర్ఈఎంలు అన్న గీత మీదే నార్కోలెప్సీ, ఇడియోపతిక్ విడిపోతాయి. కానీ ఆ మాట డాక్టరు అనలేదు. ‘లైక్లీ’ అన్నాడు. అవుట్‌పేషెంట్ చార్టులో లైక్లీ, ప్రాబబుల్, సస్పెక్టెడ్, రూల్ అవుట్ అని ఉన్నదాన్ని ఉన్నట్టుగా కోడ్ చేయకూడదని గైడ్‌లైన్స్ నాలుగో సెక్షన్ కచ్చితంగా చెబుతుంది. ఆసుపత్రిలో చేరి డిశ్చార్జ్ అయిన పేషెంటుకైతే రూలు తలకిందులు, అక్కడ ‘ప్రాబబుల్’ని ఉన్నట్టే వేయాలి. ఇలా ఎందుకని నన్నడక్కండి, పన్నెండేళ్ళుగా ఫ్రెషర్లు అడుగుతూనే ఉన్నారు. మొత్తానికి ఈ మనిషికి తేలినది ఒక్క హైపర్‌సోమ్నియా. కాబట్టి జి47.10. ఎర్రగడి.

ఆ ఎర్రగడి కంటే నిజమైన కోడ్ ఆ చార్టుకి ఇంకోటి లేదు. డాక్టరుకే ఇంకా తేలలేదు, పరీక్ష మళ్ళీ చేద్దామంటున్నాడు. డాక్టరు సందేహంలో ఉంటే కోడ్ కూడా సందేహంలోనే ఉండాలి.

ఈ మాట నేను తెలివితో అనడం లేదు, దెబ్బ తిని అంటున్నాను. చేరిన మూడో ఏడు, అప్పటికి వేరే కంపెనీ. నైట్ షిఫ్టులో, తెల్లవారుజామున మూడింటికి, మనుషులకి నిద్ర ఎందుకు ఆగదో రాసిన చార్టులు కళ్ళు నులుముకుంటూ చదివేదాన్ని. షిఫ్టు పనివల్ల వచ్చే నిద్ర సమస్యకి కోడ్ జి47.26. దాన్ని మాలో మేం ‘మన కోడ్’ అనుకునేవాళ్ళం. అలాంటి ఒక రాత్రి, ‘ఎంఎస్ఎల్‌టీ టు రూల్ అవుట్ నార్కోలెప్సీ’ అని రాసి ఉన్న చార్టుకి జి47.419 వేశాను. క్యాటాప్లెక్సీ లేని నార్కోలెప్సీ. క్యాటాప్లెక్సీ అంటే నవ్వో కోపమో వచ్చినప్పుడు ఒళ్ళు హఠాత్తుగా పట్టు తప్పడం. రూల్ తెలియక కాదు. ఆ నెల నా అన్‌స్పెసిఫైడ్ శాతం బాలేదు, కళ్ళు ‘నార్కోలెప్సీ’ అన్న మాట దగ్గర ఆగాయి, వేలు నొక్కింది. క్లెయిమ్‌కి డబ్బులొచ్చాయి. ఆడిట్ శాంపిల్‌లో ఆ చార్టు పడలేదు.

నాలుగు నెలలకి క్లయింట్ నుంచి మెయిల్. ఆ పేషెంటుకి ఎంఎస్ఎల్‌టీ మామూలుగా వచ్చింది, నార్కోలెప్సీ లేదు. కానీ ఇన్సూరెన్స్ రికార్డులో ఉంది. అతను నడిపేది లారీ. నార్కోలెప్సీ అన్న మాట ఉంటే అక్కడ భారీ వాహనం నడిపే ఉద్యోగానికి మెడికల్ సర్టిఫికెట్ కష్టం. ‘నాకు లేని జబ్బు నా పేరు మీద ఎవరు రాశారు?’ అని అడిగాడట. నేనే రాశాను, ఏడు సముద్రాల అవతల కూర్చుని. మా లీడ్ మేడమ్ కేకలేయలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. చార్టు ప్రింటు తీసి నా ముందు పెట్టి, ‘ఇందులో ఆ జబ్బు ఉందని డాక్టరు ఎక్కడన్నాడో చూపించు’ అన్నారు. సరిచేసిన క్లెయిమ్ పంపాం. అప్పటికే ఆ మాట ఎన్ని కంప్యూటర్లలోకి పాకిందో ఎవరికి తెలుసు. ఆ చార్టుకి సరైన కోడ్ వేసి ఉంటే నా గడి ఎర్రగా ఉండేది, అతని లైసెన్సు గొడవ ఉండేది కాదు.

ఇంతవరకు తప్పు మాది. ఇప్పుడు పుస్తకం తప్పు చెప్తాను.

డాక్టరు ఏ లైక్లీ లేకుండా, స్పష్టంగా ‘ఇడియోపతిక్ హైపర్‌సోమ్నియా’ అని రాశాడనుకోండి. ఐసీడీలో దానికి రెండు కోడ్లు. ఎక్కువ గంటలు నిద్రపోతే జి47.11, గంటలు మామూలుగానే ఉండి పగలు నిద్రమత్తు మాత్రం ఉంటే జి47.12. డాక్టరు ఏదీ చెప్పకపోతే? పుస్తకం దాన్ని జి47.11లోకి తోస్తుంది. అంటే పేషెంటు ఎన్ని గంటలు నిద్రపోతాడో ఎవరూ రాయకపోయినా, కోడ్ మాత్రం ‘దీర్ఘ నిద్రతో’ అని చెబుతుంది. రాయకపోతే జరగనట్టే అన్న మన మొదటి పాఠాన్ని పుస్తకమే తుంగలో తొక్కింది.

పోనీ డాక్టర్లు గంటల సంగతి ఎందుకు రాయరు? వాళ్ళ దృష్టిలో ఆ విభజన పోయింది కాబట్టి. నిద్ర జబ్బుల డాక్టర్లకి ఐసీఎస్‌డీ అని వేరే పుస్తకముంది. 2005 నాటి రెండో కూర్పులో పది గంటల గీత గీసి ఈ జబ్బుని రెండు ముక్కలు చేశారు. 2014లో వచ్చిన మూడో కూర్పులో ఆ గీత చెరిపేసి మళ్ళీ ఒకటే చేశారు. ఇప్పుడు ఎంఎస్ఎల్‌టీలో ఎనిమిది నిమిషాల్లోపైనా ఉండాలి, లేదా ఇరవై నాలుగు గంటల్లో 660 నిమిషాలు, అంటే పదకొండు గంటలైనా నిద్రపోతున్నట్టు తేలాలి. ఇవి గాక మూడు నెలలుగా బాధ ఉండాలి, నిద్ర చాలకపోవడంలాంటి వేరే కారణం ఉండకూడదు. ఐసీడీ-10-సీఎం మాత్రం పాత గీత దగ్గరే ఆగిపోయింది. డాక్టర్లు అడగడం మానేసిన ప్రశ్నకి మేం ఇంకా జవాబు పూరిస్తున్నాం.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఇడియోపతిక్ అంటే కారణం తెలియదని అర్థం. గ్రీకు మూలాల్లోంచి వచ్చిన మాట. 1970ల్లో ప్రాగ్‌లో బెడ్రిచ్ రోత్ అనే న్యూరాలజిస్టు వందలమంది నిద్ర పేషెంట్లని చూసి, నార్కోలెప్సీ కాని ఈ రకాన్ని విడదీసి ఆ పేరుతో వర్ణించాడు. యాభై ఏళ్ళు దాటుతున్నా కారణం తెలియలేదు, పేరూ మారలేదు. సరే, తెలియదు అని గ్రీకులో రాస్తే పచ్చగడి, ఇంగ్లీషులో రాస్తే ఎర్రగడి. ఈ ముక్క మీటింగులో అన్నప్పుడు నవ్వారు గానీ ఎవరూ రాసుకోలేదు. న్యాయంగా మాట్లాడితే రెండూ ఒకటి కావు. ఇడియోపతిక్ అంటే అన్నీ వెతికి చూసి, ఇంక తెలియదని తేల్చడం. అన్‌స్పెసిఫైడ్ అంటే ఇంకా వెతుకుతున్నారు, లేదా వెతికింది రాయలేదు. ఆ తేడా ముఖ్యమైనదే. అందుకే వెతకడం పూర్తి కాని మనిషికి వెతికేసినట్టు కోడ్ వేయకూడదంటున్నాను.

ఇదే మనిషి న్యూరాలజిస్టు గుమ్మం కాకుండా సైకియాట్రిస్టు గుమ్మం ఎక్కాడనుకోండి. ఆయన వాడే మానసిక జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5లో దీని పేరు హైపర్‌సోమ్నోలెన్స్ డిజార్డర్, కోడ్ ఎఫ్51.11. జి అంటే నరాల అధ్యాయం, ఎఫ్ అంటే మనసు అధ్యాయం. ఒకే నిద్ర, ఏ తలుపు తట్టాడన్నదాన్ని బట్టి మెదడుదో మనసుదో అయిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11లో నిద్ర జబ్బులన్నిటికీ కలిపి ఏడో అధ్యాయం విడిగా పెట్టారు. నార్కోలెప్సీ 7ఏ20, ఇడియోపతిక్ హైపర్‌సోమ్నియా 7ఏ21, దీర్ఘ నిద్ర, పొట్టి నిద్ర అన్న గొడవే లేదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉందన్న మాటే గానీ, అమెరికా బిల్లింగు ఇంకా ఐసీడీ-10-సీఎంతోనే నడుస్తోంది. మాకు ఆ రోజు ఎప్పుడొస్తుందో, అప్పుడు ఎన్ని దసరాలు పోతాయో.

నా వాదనకి ఎదురు చెప్పేవాళ్ళ దగ్గర బలమైన మాట ఒకటుంది, దాటేయలేను. జి47.10 పేషెంటుకి నష్టం చేస్తుంది. నిజం. ఇడియోపతిక్ హైపర్‌సోమ్నియాకని అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన మొదటి మందు 2021 ఆగస్టులో వచ్చింది. సోడియం తగ్గించిన ఆక్సిబేట్, రాత్రిపూట తాగే ద్రావణం. అంతకుముందు డాక్టర్లు నార్కోలెప్సీకి ఆమోదించిన మందుల్నే దీనికీ వాడి చూసేవాళ్ళు. ఇలాంటి ఖరీదైన మందుకి ఇన్సూరెన్స్ ముందే అనుమతి అడుగుతుంది, జబ్బు పేరు ఫలానా అని ఉండాలంటుంది. అన్‌స్పెసిఫైడ్ అని పంపితే తిరిగొస్తుంది. కాబట్టి మా లీడ్ అంటారు, ‘నువ్వు నిజాయితీగా ఎర్రగడి వేసుకుంటావు, అక్కడ పేషెంటుకి మందు రాదు. ఎవరికి లాభం?’

నా జవాబు ఇది. మందు రావడానికి మేం జబ్బు సృష్టించలేం. డాక్టరు తేల్చాలి, తేల్చింది రాయాలి. ఈ రకం తేల్చడం అంత తేలిక కూడా కాదు. క్యాటాప్లెక్సీ లేని నార్కోలెప్సీ వాళ్ళకీ, ఇడియోపతిక్ వాళ్ళకీ రెండోసారి ఎంఎస్ఎల్‌టీ చేస్తే ఫలితం మారిపోవడం డాక్టర్లకి తెలిసిన సంగతే. ఈసారి ఆర్ఈఎం ఒకటి వస్తుంది, ఆర్నెల్ల తర్వాత రెండు వస్తాయి, జబ్బు పేరే మారిపోతుంది. అంత చంచలమైన గీత మీద కోడర్ని నిలబెట్టి, శాతాలు చూపించి తోస్తే ఎటో ఒకవైపు పడుతుంది. చాలాసార్లు పచ్చగడి వైపే పడుతుంది.

ఉన్న మంచి దారి క్వెరీ. డాక్టరుకి ప్రశ్న పంపడం. దానికీ మర్యాద ఉంది. ‘ఇడియోపతిక్ అని రాయండి, క్లెయిమ్ పాసవుతుంది’ అని అడగకూడదు. డబ్బు ప్రస్తావనే రాకూడదు, జవాబు మన నోట్లోంచి ఆయన నోట్లోకి పెట్టకూడదు. నేను రాసేది ఇలా ఉంటుంది: చార్టులో ఎప్‌వర్త్ 17, రాత్రి నిద్ర సుమారు పది గంటలు, ఎంఎస్ఎల్‌టీ సగటు 6.4 నిమిషాలు, ఆర్ఈఎం ఒకసారి అని ఉన్నాయి, మీ వైద్య నిర్ణయం ప్రకారం హైపర్‌సోమ్నియా ఏ రకమో తెలియజేయగలరు. కింద ఇడియోపతిక్ దీర్ఘ నిద్రతో, ఇడియోపతిక్ దీర్ఘ నిద్ర లేకుండా, వేరే జబ్బువల్ల, నిద్ర చాలకపోవడంవల్ల, ఇతరం, ఇప్పుడే చెప్పలేం. ఆ చివరి గడి తప్పకుండా ఉండాలి. కొందరు డాక్టర్లు ఒక రోజులో జవాబిస్తారు. కొందరికి మూడోసారి గుర్తు చేసినా రాదు. ‘ఇప్పుడే చెప్పలేం’ అని టిక్ పెట్టిన డాక్టరు మీద నాకు గౌరవం. ఆ టిక్ వచ్చాక వేసే జి47.10ని ఎర్రగా చూపించేవాళ్ళ మీద కోపం. అంతగా రంగు వేయాలనుకుంటే నోట్ రాసినవాళ్ళ గడికి వేయమని అడిగాను. క్లయింట్‌కి రంగులు వేయం కదా అన్నారు.

నోట్ బాగుండాలంటే పెద్ద వ్యాసం అక్కర్లేదు. రోజుకి ఎన్ని గంటలు నిద్ర, ఎన్ని నెలలుగా, పరీక్షకి ముందు రెండు వారాలు నిద్ర డైరీ రాశాడా లేదా, ఏ మందులు వాడుతున్నాడు. డైరీ లేకపోతే ‘అసలు రాత్రి సరిగ్గా పడుకోనివాడేమో’ అన్న అనుమానం అలాగే ఉండిపోతుంది, అది ఎఫ్51.12, వేరే కథ. థైరాయిడ్‌వల్లో పార్కిన్సన్స్‌వల్లో అయితే ఆ ‘వల్ల’ అన్న మాట రాయాలి. ఆ జబ్బు ఒక లైనులో, నిద్ర ఇంకో లైనులో పెట్టి వదిలేస్తే మేం ముడివేయలేం. పోయిన విజిట్ నోట్ కాపీ చేసి అతికించడం గురించి ఇప్పుడు మొదలుపెడితే ఈ వ్యాసం తేలదు.

ఇదంతా ఉద్యోగం గొడవ అనుకునేదాన్ని, ఈ వేసవి దాకా.

మా తమ్ముడికి ఇరవై ఏడు. చిన్నప్పటి నుంచి ఇంట్లో వాడి పేరు కుంభకర్ణుడు. నాన్న ‘బద్ధకం’ అనేవాడు, నేను ‘నిద్రమొహం’ అనేదాన్ని. ఇన్నేళ్ళు రోజుకి ఎనభై చార్టులు చదివిన నాకు, ఆ వర్ణనలన్నీ మా పడమటింట్లోనే పడుకుని ఉన్నాయని తట్టలేదు. మొన్న వాడు బండి మీద సిగ్నల్ దగ్గర ఆగి, ఆగినచోటే ఒరిగిపోయాడు. దేవుడి దయ, ఆగి ఉన్నప్పుడు. ఊళ్ళో డాక్టరుకి చూపించారు. చీటీ ఫోటో తీసి మరదలు వాట్సాప్‌లో పంపింది. పైన మూడు మాటలు: ‘ఓవర్ స్లీప్, వీక్‌నెస్.’ కింద విటమిన్ మాత్రలు. మన దగ్గర ఓపీ చీటీకి కోడ్ ఎవరూ అడగరు, కాబట్టి ఇంతకంటే రాయాల్సిన అవసరమూ ఎవరికీ రాదు. ఆ చీటీ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అమెరికా నుంచి వచ్చే ఎంత చెత్త నోట్‌లో అయినా ఎన్ని గంటలు పడుకుంటాడో ఉంటుంది.

హైదరాబాద్ తీసుకొచ్చి నిద్ర జబ్బులు చూసే డాక్టరుకి చూపించాం. ఆవిడ పరీక్షలకి తేదీ ఇచ్చి, ఈలోగా రెండు వారాలు డైరీ రాయమన్నారు. పడుకున్న టైము, నిద్ర పట్టిన టైము, మెలకువ, పగటి నిద్రలు. వాడు రెండు రోజులు రాసి చేతులెత్తేశాడు. ‘అక్కా, పడుకున్న టైం తెలుస్తది గానీ, నిద్ర పట్టిన టైం నాకెట్లా తెలుస్తది?’ వాడన్నది పాయింటే. నిద్రపోయేవాడు తన నిద్రకి తాను సాక్షి కాలేడు. అందుకని రాత్రి గడులు మరదలు నింపుతోంది, పగటివి అమ్మ. మరదలిది గుండ్రటి ఇంగ్లీషు, అంకెలు మాత్రమే. అమ్మ తెలుగులో రాస్తుంది, గడి చాలక పక్క గడిలోకి కూడా. ‘2:10. కంచం ముందే. ముద్ద చేతిలో ఉంది.’ ‘3:40. పిల్లవాణ్ణి ఎత్తుకుని కూర్చుని. నేను తీసుకున్నాను.’ పన్నెండేళ్ళలో నేను చదివిన ఏ నోట్‌లోనూ ఇంత నిర్దిష్టంగా లేదు.

‘అక్కా, నాదే కోడ్?’ అని అడిగాడు వాడు నవ్వుతూ. జి47.10 అని చెప్పాను. ఇంట్లో వాడికి ఇన్నాళ్ళూ వేసిన పేర్లకంటే అది చాలా మర్యాదగా ఉంది.

పరీక్ష వచ్చే మంగళవారం. నిన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది. ‘ఒసేయ్, సాయంత్రం టీవీ ముందు ఓ ఐదు నిమిషాలు తూగాడు. అంతే, మళ్ళీ లేచాడు. అది కూడా రాయాల్నా?’

‘రాయమ్మా. ఎన్నింటికో కూడా రాయి.’